పనిచోట రసాయనాలు, కాలేయం, జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, పాశమైలారం, విశాఖపట్నం దగ్గరి పరవాడ వంటి చోట్ల బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు తయారుచేసే) యూనిట్లలో పనిచేసేవారిని, వారి కుటుంబసభ్యులను దృష్టిలో పెట్టుకొని ఈ జవాబులు రాశాం. ఈ విషయంపై పరిశోధన ఎక్కువగా అమెరికా, చైనా, తైవాన్ కార్మికులపై జరిగింది కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఉంటాయి. అయితే అక్కడి కాలేయాన్ని దెబ్బతీసిన సాల్వెంట్లలో (ఇతర పదార్థాలను కరిగించే ద్రవాల్లో) కొన్ని మన షెడ్లలోని డ్రమ్ముల్లోనూ ఉన్నాయి.

ఒకే షెడ్డులో, ఒకే షిఫ్టులో పనిచేసిన ఇద్దరిలో ఒకరికే కాలేయం దెబ్బతినడానికి కారణం ఏమిటి?

ముందుగా చూడవలసింది ఆ ఇద్దరూ నిజంగా ఒకే పని చేశారా అన్నది. హాజరు పట్టీలో ఇద్దరిదీ ఒకే షిఫ్టు కావచ్చు. కానీ ఒకరు ప్యానెల్ దగ్గర నిలబడి రీడింగులు రాసుకుంటుంటే, మరొకరు సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) మూత తెరిచి, నడుము దాకా లోపలికి వంగి, సాల్వెంట్ ఇంకా కారుతున్న తడి కేకును, అంటే అందులో మిగిలిన మందు ముద్దను, పారతో గీకి డ్రమ్ములోకి ఎత్తుతుంటారు. చేతి తొడుగు మణికట్టు దగ్గర వదులుగా ఉంటే ఆ తడి లోపలికి జారి, షిఫ్టు అయ్యేదాకా చర్మాన్ని అంటిపెట్టుకొనే ఉంటుంది. ముఖానికీ ఆవిరికీ మధ్య దూరం జానెడు కూడా ఉండదు. ఈ ఇద్దరి ఒంట్లోకి చేరిన మోతాదుల్లోనే ఎంతో తేడా ఉన్నప్పుడు జన్యువుల దాకా వెళ్ళనవసరం లేదు.

మోతాదు దాదాపు సమానమని తేలిన తరువాత కూడా ఒకరే జబ్బు పడితే, అప్పుడు మిగిలినవాటిని చూడాలి: మద్యం అలవాటు, కాలేయంలో కొవ్వు, హెపటైటిస్ బి లేదా సి, వాడుతున్న మందులు, వాటితోపాటు పుట్టుకతో వచ్చిన జన్యువులు. ఈ వరుసలో జన్యువులను చివర పెట్టడం వాటికి విలువ లేదని కాదు, తక్కినవన్నీ మనం మార్చగలిగినవి కాబట్టి.

అసలు జన్యువులు ఇందులో ఎక్కడ పనిచేస్తాయి?

కాలేయానికి చేరిన సాల్వెంట్‌ను ఒంటి నుంచి బయటకు పంపే పని సాధారణంగా రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో సీవైపీ2ఈ1 వంటి ఎంజైములు దాని అణువును మార్చి వేరే పదార్థంగా చేస్తాయి. చాలా సాల్వెంట్ల విషయంలో ఈ మధ్యలో పుట్టిన పదార్థమే అసలు విషం. డ్రమ్ములో ఉన్నప్పటికంటే కాలేయ కణంలో ఉన్నప్పుడే అది ఎక్కువ ప్రమాదకరం. రెండో దశలో గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దానికి అతుక్కొని, నీటిలో కరిగేలా చేసి, మూత్రంలోకి పంపుతుంది. మొదటి దశ వేగంగానూ రెండో దశ నెమ్మదిగానూ సాగే మనిషిలో ఆ విషం కణంలోనే పేరుకుపోతుంది. ఈ రెండు దశల వేగంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో కొంత భాగం తల్లిదండ్రుల నుంచి వచ్చిందే.

రెండో దశకు తోడ్పడే జన్యువుల్లో జీఎస్‌టీఎమ్1 ఒకటి. యూరప్ జనాభాలో సుమారు సగం మందికి ఈ జన్యువు పుట్టుకతోనే ఉండదు. భారతీయుల్లో లేనివారి వంతు అంతకంటే తక్కువ. లేనంత మాత్రాన అది జబ్బు కాదు, వారంతా మామూలుగానే జీవిస్తున్నారు. విషం ఎదురైనప్పుడు మాత్రమే ఆ లోటు తెలిసివస్తుంది.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మాత్ర కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తుందని, మరికొందరికి ఏమీ చేయదని చాలా కుటుంబాలకు తెలుసు. ఆ మందును నెమ్మదిగా మార్చే ఎన్‌ఏటీ2 జన్యురూపం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. భారతీయుల్లో సగానికి పైగా ఈ నెమ్మది వర్గానికి చెందినవారే. అయినా వారిలో ఎక్కువమంది కోర్సు పూర్తిచేసి క్షేమంగా బయటపడుతున్నారు.

ఈ రెండు దశలతో సంబంధం లేని మరో దారి రోగనిరోధక వ్యవస్థది. దాని గురించి ట్రైక్లోరోఎథిలీన్ ప్రశ్నలో వివరించాం.

కాలేయాన్ని దెబ్బతీసే రసాయనాలు ఏవి?

కార్బన్ టెట్రాక్లోరైడ్, ట్రైక్లోరోఎథిలీన్, వినైల్ క్లోరైడ్, డైమిథైల్ ఫార్మమైడ్ అన్నవి బాగా రుజువైనవి. వీటిలో మన బల్క్ డ్రగ్ కార్మికులకు ఎక్కువగా ఎదురయ్యేది చివరిది.

డీఎంఎఫ్ గురించి వివరంగా చెప్పండి. దాని విషయంలో జన్యువులకు ఎంత పాత్ర ఉంది?

డైమిథైల్ ఫార్మమైడ్‌ను పనిచోట అందరూ డీఎంఎఫ్ అనే అంటారు. ఇది దాదాపు దేన్నైనా కరిగిస్తుంది, నీటిలోనూ కలుస్తుంది, 153 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు కాబట్టి మందుల తయారీలో దీనికి గిరాకీ ఎక్కువ. త్వరగా మరగదు కనుక పెద్దగా ఆవిరి రాదని, ఘాటైన వాసన లేదు కనుక ప్రమాదం లేదని అనుకోవడం చాలాచోట్ల వినిపించే పొరపాటు. ఇది చర్మం గుండా సులువుగా ఒంట్లోకి ఇంకుతుంది. గాలిలో మోతాదు పరిమితికి లోబడి ఉన్నా, ఉత్త చేతులతో తడి కేకును ముట్టుకున్న వ్యక్తి కాలేయానికి చేరేది ఆ లెక్కలో కనిపించదు.

కాలేయంలో దీన్ని మార్చే ముఖ్యమైన ఎంజైము సీవైపీ2ఈ1. ఆ మార్పుల దారిలో మిథైల్ ఐసోసయనేట్ లక్షణాలున్న పదార్థం పుట్టి, గ్లూటాథయోన్‌కు అతుక్కొని, చివరికి మూత్రంలో బయటపడుతుంది. మిథైల్ ఐసోసయనేట్ అంటే 1984 డిసెంబరులో భోపాల్‌పై విరుచుకుపడిన వాయువే. కాలేయ కణంలో పుట్టేది అతి స్వల్ప పరిమాణంలో కావచ్చు, కానీ గ్లూటాథయోన్ నిల్వ తగ్గిపోయిన రోజున ఆ స్వల్పమే కణానికి చేటు తెస్తుంది. గ్లూటాథయోన్‌ను అతికించే జీఎస్‌టీ జన్యువులు లేనివారిలో, డీఎంఎఫ్ తాకిడి ఎక్కువగా ఉన్నప్పుడు కాలేయ పరీక్షలు మరింతగా చెడుతున్నట్లు తైవాన్ కార్మికులపై జరిగిన పరిశోధనలో కనిపించింది.

అయితే ఇంకో పరిశోధనను కూడా పక్కన పెట్టుకొని చూడాలి. అమెరికాలో బట్టకు పూత పూసే ఒక కర్మాగారంలో కార్మికులు గాలి సరిగా ఆడని గదుల్లో, చర్మానికి రక్షణ లేకుండా డీఎంఎఫ్‌తో పనిచేశారు. వారి రక్త పరీక్షల ఫలితాలు 1988లో వెలువడ్డాయి. ఉత్పత్తి విభాగంలోని 46 మందిలో 35 మందికి రక్తంలో కాలేయ ఎంజైములు (కాలేయం దెబ్బతిన్నదనడానికి గుర్తు) పెరిగి ఉన్నాయి. ఉత్పత్తితో సంబంధం లేని 12 మందిలో ఒక్కరికే పెరిగాయి. నలుగురిలో ముగ్గురికి దెబ్బ తగిలినప్పుడు ఎవరి జన్యువు ఎలాంటిదన్న ప్రశ్నకు అర్థం మిగలదు. తాకిడి అంత తీవ్రంగా ఉంటే గట్టి జన్యువులూ కాపాడలేవు, అందుకే డీఎంఎఫ్ విషయంలో మొదటి బాధ్యత షెడ్డుదే.

జన్యువే నిర్ణయాత్మకంగా కనిపించిన ఉదాహరణ ఒక్కటైనా లేదా?

ఉంది, అది ట్రైక్లోరోఎథిలీన్. లోహపు భాగాల మీది జిడ్డు వదిలించడానికి వాడే ఈ ద్రవం వల్ల దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లో ఎలక్ట్రానిక్స్, లోహపు పూత కర్మాగారాల్లో చేరిన వలస కార్మికులు ఒక వింత జబ్బు పాలయ్యారు. పనిలో చేరిన రెండు నుంచి ఐదు వారాల్లో జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, చర్మం పొరలు పొరలుగా ఊడడం, బిళ్ళ కట్టడం, వాటితోపాటు కాలేయం తీవ్రంగా దెబ్బతినడం దాని లక్షణాలు. కొందరు చనిపోయారు. అదే గదిలో ఏళ్ళుగా పనిచేస్తున్నవారికి మాత్రం ఏమీ కాలేదు. ఇది మోతాదును బట్టి వచ్చే విషప్రభావం కాదు. ఆ రసాయనం నుంచి ఒంట్లో పుట్టిన పదార్థాన్ని శత్రువుగా భావించి రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడటం.

ఏ అణువును శత్రువుగా చూపాలో నిర్ణయించే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల మీద 2007లో వచ్చిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. జబ్బు పడిన 113 మందిలో సుమారు 73 శాతానికి హెచ్‌ఎల్‌ఏ-బి*13:01 అనే రూపం ఉంది. అదే పని చేసి క్షేమంగా ఉన్న 142 మందిలో సుమారు 9 శాతానికే ఉంది. పనిచోటి రసాయనాలకూ జన్యువులకూ మధ్య ఇంత స్పష్టమైన బంధం చాలా అరుదు.

అయితే ఉద్యోగంలోకి తీసుకునే ముందే ఆ జన్యు పరీక్ష చేస్తే సరిపోతుంది కదా?

ఈ ప్రశ్నకు కాగితం మీద లెక్క వేసి చూడటం మేలు. ఒక కర్మాగారంలో 1,000 మంది ఉన్నారని, వారిలో 10 మందికి ఈ జబ్బు రాబోతోందని అనుకుందాం. ఇది కేవలం లెక్క కోసం తీసుకున్న అంకె. పై శాతాల ప్రకారం ఆ 10 మందిలో 7 మందికి ఆ జన్యురూపం ఉంటుంది. జబ్బు రాని 990 మందిలోనూ దాదాపు 90 మందికి అదే ఉంటుంది. అంటే పరీక్షలో దొరికిన 97 మందిని ఇంటికి పంపితే, వారిలో 90 మంది ఏ జబ్బూ రాకుండానే జీవనోపాధి కోల్పోయినవారవుతారు. మరోవైపు, ఆ జన్యువు లేదని ధైర్యం చెప్పి లోపలికి పంపినవారిలో ముగ్గురు జబ్బు పడతారు. చాలా బలమైన జన్యుసంబంధం విషయంలోనే పరిస్థితి ఇది. జీఎస్‌టీ, సీవైపీ2ఈ1 వంటి బలహీన సంబంధాల ఆధారంగా మనుషులను ఏరివేయడాన్ని శాస్త్రం ఏ విధంగానూ సమర్థించదు.

ఇదే హెచ్‌ఎల్‌ఏ-బి*13:01 డాప్సోన్ మందుకు వచ్చే తీవ్ర ప్రతిచర్యకూ మూలమని 2013లో చైనా కుష్ఠు రోగులపై జరిగిన పరిశోధన తేల్చింది. అక్కడ ముందుగా పరీక్షించడం సబబే, ఎందుకంటే రోగికి మందు అవసరం, ఆ మందు పడదని తెలిస్తే మరో మందు ఇవ్వవచ్చు. కార్మికుడికి ట్రైక్లోరోఎథిలీన్ అవసరం ఏమీ లేదు. మార్చవలసింది ద్రవాన్ని. పైగా అది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఇదివరకే నిర్ధారించింది కాబట్టి, ఆ జన్యువు లేనివారికీ అది మంచిది కాదు.

ఒక జన్యువు మంచిదో చెడ్డదో అన్ని సందర్భాల్లోనూ ఒకేలా చెప్పగలమా?

చెప్పలేం. పీవీసీ తయారీకి వాడే వినైల్ క్లోరైడ్ దీనికి మంచి ఉదాహరణ. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో, ఒకే పీవీసీ కర్మాగారం కార్మికుల్లో కాలేయ రక్తనాళాలకు వచ్చే యాంజియోసార్కోమా అనే అతి అరుదైన క్యాన్సర్ వరుసగా కనిపించడాన్ని అక్కడి వైద్యుడు జాన్ క్రీచ్ గమనించగా, ఆ సంగతి 1974 జనవరిలో బయటపడింది. అంతకుముందు అమెరికాలో గాలిలో 500 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 500 వంతులు) దాకా అనుమతి ఉండేది. ఆ తరువాత దాన్ని 1 పీపీఎంకు తగ్గించారు. కార్మికుల జన్యువులను పరీక్షించి కాదు, గాలిని శుభ్రపరిచి ఆ క్యాన్సర్‌ను అదుపు చేశారన్నది ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి.

ఆ తరువాత తైవాన్‌లోని పీవీసీ కార్మికులపై జరిగిన పరిశోధనలో, జీఎస్‌టీ జన్యువుల్లో ఒకటైన జీఎస్‌టీటీ1 ఉండటం తాకిడి ఎక్కువగా ఉన్నవారికి రక్షణగానూ, తక్కువగా ఉన్నవారిలో అందుకు విరుద్ధంగానూ కనిపించింది. మోతాదు మారితే జన్యువు అర్థమే మారిపోతున్నప్పుడు, కాగితం మీద ఒక జన్యు ఫలితం చూసి ఒక మనిషి భవిష్యత్తును చెప్పడం సాధ్యం కాదు.

తెలుగువారిలో ఈ జన్యువులు ఎంతవరకు ఉన్నాయి?

హెచ్‌ఎల్‌ఏ-బి*13:01 భారతీయుల్లో ప్రాంతాన్ని, సముదాయాన్ని బట్టి 1 నుంచి 12 శాతం మందిలో ఉంటుంది. యూరప్, ఆఫ్రికా జనాభాల్లో దాదాపు కనిపించదు. అందువల్ల ట్రైక్లోరోఎథిలీన్‌ను యూరప్‌లో చాలాకాలం ఇబ్బంది లేకుండా వాడారన్న మాట మనకు హామీ కాదు. దీనికి విరుద్ధంగా, మద్యం తాగగానే ముఖం ఎర్రబడే ఏఎల్‌డీహెచ్2 లోపం జపాన్, తైవాన్ ప్రజల్లో చాలా ఎక్కువ, మనవారిలో అరుదు.

మా అన్నకు కాలేయం దెబ్బతింది. నేనూ అక్కడే పనిచేస్తున్నాను. నాకూ వస్తుందా?

ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి; అన్నకు వాటిలో ఒక ప్రతిలో ఉన్న జన్యురూపం తమ్ముడికీ వచ్చి ఉండే అవకాశం సుమారు సగం. కానీ మీరిద్దరూ తప్పకుండా పంచుకుంటున్నది ఆ షెడ్డునే. అన్న ఏ రసాయనం దగ్గర, ఏ యంత్రం దగ్గర పనిచేశారో తెలుసుకోండి, వెంటనే మీ రక్త పరీక్ష చేయించుకోండి, ఫలితం వచ్చేదాకా ఆ పనికి దూరంగా ఉంచమని రాతపూర్వకంగా అడగండి.

మద్యం, మందులు, ఫ్యాటీ లివర్ ఉంటే ఏమవుతుంది?

రోజూ తాగే అలవాటు, ఊబకాయం, మధుమేహం సీవైపీ2ఈ1 ఎంజైమును పెంచుతాయి. అంటే మంచి జన్యువులతో పుట్టిన మనిషి కూడా క్రమంగా, ముప్పు ఎక్కువగా ఉన్నవారి వరుసలోకి వచ్చేస్తారు. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు కాలేయంలో కొవ్వు చేరడాన్ని పెంచుతుందని 2008లో తెలిసింది. అది ఉన్నవారికి మద్యం చేసే హాని కూడా ఎక్కువ.

డీఎంఎఫ్‌తో పనిచేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. షిఫ్టు దిగాక, కొన్నిసార్లు రెండు మూడు రోజుల తరువాత కూడా, కొద్దిగా తాగినా ముఖం, మెడ ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది. తాగిన మద్యం కల్తీదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒంట్లోకి డీఎంఎఫ్ చేరిందనడానికి సూచన, మీ రక్షణ ఏర్పాట్లు చాలడం లేదని చెప్పే తొలి హెచ్చరిక. క్షయ మందులు, జ్వరానికి ఎక్కువ మోతాదులో పారాసెటమాల్ వాడుతుంటే మీ పని గురించి వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఏ లక్షణాలు కనిపిస్తే జాగ్రత్తపడాలి? పసరు మందు తీసుకోవచ్చా?

ఆకలి చావడం, వికారం, పొట్ట పైభాగంలో నొప్పి, విపరీతమైన నీరసం ముందుగా వస్తాయి. డీఎంఎఫ్ విషయంలో ఇవి ఎక్కువగా పనిలో చేరిన మొదటి నెలల్లోనే కనిపిస్తాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం, కళ్ళు పచ్చబడటం ఆ తరువాతి దశ. మగతగా ఉండటం, మాట తడబడటం, చిగుళ్ళ నుంచి రక్తం రావడం కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతో పాటు దద్దుర్లు వచ్చినా అంతే.

కామెర్లు అనగానే పసరు పోయించి, ఉప్పూ కారం లేని పథ్యం పెట్టడం మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి ఆ పేరు పసరుకు దక్కింది. రసాయనం వల్ల వచ్చిన కామెర్లు తగ్గాలంటే ఆ రసాయనానికి దూరం కావాలి. పథ్యం చేస్తూనే నైట్ షిఫ్టుకు వెళ్ళిన మనిషికి ఏ వైద్యమూ పనిచేయదు. పైగా కొన్ని ఆకుల రసాలు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. మనుషుల ప్రాణాలు పోతున్నది ఇలా గడిచిపోయిన రోజుల్లోనే.

"మీరు తాగుతారు, అందుకే ఇది" అని చెప్పి పంపేస్తే ఏం చేయాలి?

మీ రిపోర్టులో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రెండు కాలేయ ఎంజైముల అంకెలు చూడండి. మద్యం వల్ల దెబ్బతిన్న కాలేయంలో సాధారణంగా ఎస్‌జీఓటీ ఎక్కువగా ఉంటుంది, తరచు ఎస్‌జీపీటీకి రెట్టింపు. డీఎంఎఫ్ వల్ల అయితే సాధారణంగా ఎస్‌జీపీటీయే ఎక్కువ. ఇది ఒక్కటే రుజువు కాదు, ఎందుకంటే ఫ్యాటీ లివర్‌లోనూ ఎస్‌జీపీటీ పెరుగుతుంది. అంతకంటే బలమైన సాక్ష్యం కాలక్రమం: ఉద్యోగంలో చేరినప్పటి పరీక్ష, జబ్బు పడినప్పటి పరీక్ష, పనికి దూరమైన కొన్ని వారాల తరువాతి పరీక్ష. దూరమైనప్పుడు తగ్గి, తిరిగి వెళ్ళినప్పుడు పెరిగితే కారణం ఎక్కడుందో స్పష్టం. తాగే అలవాటు నిజమే అయినా సాల్వెంట్ నిర్దోషి అయిపోదు. రెండూ ఒకే ఎంజైము దారిలో కలుస్తాయని పైన చూశాం. అందుకే చేరిన రోజు రిపోర్టు నకలును ఇంట్లో దాచుకోండి.

చట్టం ఏం చెబుతోంది?

విషపదార్థాల వల్ల వచ్చే కామెర్లు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల్లో ఒకటిగా ఉండేది. చికిత్స చేసిన వైద్యుడు కూడా ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయవలసి ఉండేది. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఈ జాబితా ఉంది. ప్రమాదకర ప్రక్రియల్లో చేరే ముందు, ఆ తరువాత కనీసం ఏడాదికోసారి వైద్యపరీక్ష చేయించడం, మీ ఆరోగ్య రికార్డును మీరు చూసేలా ఉంచడం, ఏ రసాయనాలు వాడుతున్నారో చెప్పడం యాజమాన్యం బాధ్యతలుగా భోపాల్ తరువాత 1987 సవరణతో చట్టంలో చేరాయి. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు కూడా కార్మికులే. హాలోజన్ ఉన్న హైడ్రోకార్బన్ల (ట్రైక్లోరోఎథిలీన్ వంటివాటి) విషప్రభావం వల్ల వచ్చే జబ్బులు ఉద్యోగుల పరిహార చట్టం, ఈఎస్ఐ చట్టం షెడ్యూళ్ళలో వృత్తిజనిత వ్యాధులుగా ఉండేవి; 2025 నవంబరులో ఆ చట్టాల స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది.

నన్ను జన్యు పరీక్షకు రమ్మంటే ఒప్పుకోవాలా?

ఎందుకోసమో, ఫలితం ఎవరి చేతికి వెళుతుందో రాతపూర్వకంగా చెప్పనిదే ఒప్పుకోనవసరం లేదు. అమెరికాలో ఒక పెద్ద రైల్వే సంస్థ చేతి నరాల నొప్పితో బాధపడుతున్న ఉద్యోగుల రక్తాన్ని వారికి తెలియకుండా జన్యు పరీక్షకు పంపగా, 2002లో 22 లక్షల డాలర్లకు రాజీ చేసుకోవలసి వచ్చింది. 2008లో అక్కడ జన్యు వివక్షను నిషేధిస్తూ ప్రత్యేక చట్టం వచ్చింది. మన దేశంలో ఉద్యోగాల విషయంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు, కాబట్టి మన జాగ్రత్త మరింత ఎక్కువగా ఉండాలి. జబ్బుకు కారణం మీ పుట్టుకలోనే ఉందని చెప్పి గాలి పీల్చే ఫ్యాను బాగుచేయకుండా వదిలేయడానికి ఈ శాస్త్రాన్ని వాడుకోవడం అన్యాయం.

చేతి తొడుగులు, మాస్కు వేసుకుంటే సరిపోతుందా?

సరైనవి అయితేనే కొంతవరకు. పల్చటి రబ్బరు తొడుగుల గుండా డీఎంఎఫ్ త్వరగా లోపలికి వచ్చేస్తుంది. బ్యూటైల్ రబ్బరు తొడుగులు అడ్డుకుంటాయి. గుడ్డ మాస్కు, ఎన్-95 ధూళిని ఆపుతాయే తప్ప ఆవిరిని ఆపవు. మూసి ఉన్న యంత్రాలు, ఆవిరిని పుట్టినచోటే లాగేసే ఏర్పాటు వీటన్నిటికంటే ముందు ఉండాలి.

కోలుకున్నాక అదే పనికి తిరిగి వెళ్ళవచ్చా?

ట్రైక్లోరోఎథిలీన్ వల్ల దద్దుర్లు, కాలేయ వాపు వచ్చినవారు జీవితంలో మళ్ళీ ఆ ద్రవం ఉన్నచోటికి వెళ్ళకూడదు, ఎందుకంటే రెండోసారి అతి తక్కువ మోతాదుకే ప్రాణాంతకం కావచ్చు. డీఎంఎఫ్ వల్ల జబ్బు పడినవారిలో ఎక్కువమంది దానికి దూరమైన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కోలుకుంటారు. వారు తిరిగి చేరాలంటే ఎంజైములు పూర్తిగా మామూలు స్థితికి రావాలి, పనిచోట లోపం సరిదిద్ది ఉండాలి, చేరిన తరువాత మొదట రెండు వారాలకు, ఆపైన మొదటి కొన్ని నెలలపాటు నెలనెలా రక్తపరీక్ష జరగాలి. అంకెలు మళ్ళీ పెరిగితే, ఆ మనిషిని జీతం తగ్గించకుండా సాల్వెంట్ లేని విభాగానికి మార్చాలి.